పసుపు లేని శుక్రవారం

1959లో మా ఆయన నాగూర్ వలి గారికి పర్చూరు నుంచి ఒంగోలు హైస్కూలుకి బదిలీ అయింది. మేం దూదేకులవాళ్లం. పేర్లు అరబ్బీ, మాట తెలుగు, మొక్కేది అల్లాకి, శుక్రవారం గడపకి పసుపు రాసేది మా అమ్మమ్మల నాటి అలవాటు కొద్దీ. పర్చూరులో ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. ఒంగోల్లో మా ఇంటికి కుడివైపంతా ముస్లింలు, ఎడమవైపంతా బ్రాహ్మలు. మధ్యలో మేం.

కుడివైపు ఆడవాళ్లు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒకరింట్లో చేరి ప్రవక్త పుట్టుక మీది మౌలూద్ పాటలు చదువుకునేవారు. వాళ్లకి పెద్దదిక్కు జైతున్‌బీ. ఆరు నెలలైనా నన్ను పిలవలేదు. ఇంటర్మీడియెట్ పాసైనదాన్ని, వాళ్ల రాగాలు గోడ ఇవతల నుంచి వింటూ ఉల్లిపాయలు తరిగేదాన్ని. కళ్లలో నీళ్లకి వేరే కారణం వెతుక్కోనక్కర్లేకపోయేది.

చివరికి జైతున్‌బీయే కబురు పెట్టింది. ఈ శుక్రవారం మీ ఇంటికొస్తాం, చూద్దాం అంది. ఆ చూద్దాంతో నాకు పెళ్లిచూపుల నాటి వణుకు మళ్లీ వచ్చింది. వాళ్లలో చేరాలంటే ముందు గడప మీది పసుపు పోవాలనుకున్నాను. కొబ్బరిపీచుతో పొద్దున్నుంచీ తోమాను. చెక్క పీల్చుకున్న పసుపు ఓ పట్టాన వదలదు. అది వదిలేసరికి నా వేళ్లకి పట్టుకుంది.

మధ్యాహ్నం ఏడుగురు వచ్చారు. చాపలు పరిచాను. వాళ్లు కూర్చోగానే ఎడమవైపు ఇంటి శ్యామలాంబగారు గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పురోహితుడి భార్య. మా అమ్మకి దగ్గు తగ్గడం లేదని కిందటివారం ఆవిడతో నేనే అన్నాను.

"ఎప్పుడు పోయిందే అమ్మాయ్ మీ అమ్మ? శుక్రవారం గడప బోసిగా ఉంటే అప్పుడే అనుకున్నాను. మైల వచ్చిందన్నమాట."

నేను నోరు తెరిచేలోపే జైతున్‌బీ చావు కబురు విన్నప్పుడు అనే ఇన్నాలిల్లాహి అంది. మిగతా ఆరుగురూ అందుకున్నారు. ఆవిడ లేచొచ్చి నన్ను గుండెలకి హత్తుకుంది. తల్లిపోయిన పిల్ల, మన పిల్ల, అంటూ వీపు నిమిరింది. అత్తరు వాసన. ఆరు నెలలుగా నేను కోరుకున్న మాట అదే. పర్చూరులో మా అమ్మ మదార్‌బీ ఆ సమయానికి నిక్షేపంగా దూది ఏకుతూ ఉండి ఉంటుంది.

వెంటనే చెప్పలేదు. అంతటి ఆత్మీయత మధ్యలో మా అమ్మని బతికించడానికి మనసొప్పలేదు. వాళ్లు దువా మొదలుపెట్టి, ఆవిడ సమాధిలో వెలుగు నింపమని అడుగుతున్నప్పుడు మాత్రం ఇక ఆగలేకపోయాను.

"మా అమ్మ బతికే ఉంది ఆపా," అన్నాను. "గడపకి పసుపుంటే మీరేమనుకుంటారోనని నేనే కడిగేశాను."

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"నువ్వసలు ఎవరి మనిషివే?" అంది జైతున్‌బీ.

"నేనూ అదే అడుగుతున్నా," అంది బయటి నుంచి శ్యామలాంబగారు. "బంగారంలాంటి పసుపు ఎందుకు కడిగినట్టు?"

ఇంతలో మసీదు నుంచి సాయంత్రం అసర్ నమాజుకి అజా పిలుపు వినబడింది. అందరూ కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని వరసగా నిలబడ్డారు. ఆ చివర నేనూ నిలబడ్డాను. మామూలుగా నలుగురిలో నమాజు చేస్తే నా చూపు పక్కవాళ్ల చేతుల మీదే ఉంటుంది, ఎక్కడ తప్పుతానోనని. ఆ రోజు పరువంతా అప్పటికే పోయింది కనక, పక్కకి చూడాలన్న ధ్యాసే లేకపోయింది. సజ్దాలో నుదురు చాపకి ఆనించి, స్వామీ, వీళ్లకి తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు, నీకు తెలుసు కదా అన్నాను, తెలుగులోనే. తెలుసన్నట్టే అనిపించింది. ఎలా అనిపించిందంటే చెప్పలేను. చాలాసేపు లేవలేదు.

నమాజు ముగించి సలాం చెప్పి తల తిప్పేసరికి మిగతా చాపలు చుట్టేసి ఉన్నాయి. ఎవరూ లేరు. అలిగి వెళ్లారో, కదిలించడం ఇష్టంలేక వెళ్లారో తెలియదు. వచ్చే శుక్రవారం ఎవరింట్లోనో చెప్పలేదు. పరుగెత్తి అడగవలసిన దాన్ని, అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి, చేర్చుకున్నారా అని అడిగారు. తెలీదండీ, ఆకలేస్తోంది, అన్నాను. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఇద్దరం గోంగూర వేసుకుని తిన్నాం. మా ఆయన నా మొహంలోకి రెండుసార్లు చూసి, దేనికి నవ్వుతున్నావన్నారు.

నవ్వుతున్నానని నాకు తెలియదు.