ఆనించిన చెయ్యి

దర్జీ మణికట్టుకు తన మణికట్టు ఆనించి, గోడ మళ్లీ తూలిపడ్డాడు. ఫర్నిచరు గోదాములో బీరువాలు ఎత్తే మనిషి. మెడ ఉందో లేదో తెలియని భారీ ఆకారం, అందుకే అందరూ అతన్ని గోడ అంటారు. దర్జీయేమో ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు. పొద్దున్నే కుట్టుకొట్టు వెనక ఖాళీ జాగాలో ఇద్దరూ ఈ చేతుల సాధన చేస్తారు. ఒకరు తోస్తే రెండోవారు ఎదిరించకుండా, చెయ్యి వదలకుండా ఆ బలాన్ని పక్కకు మళ్లించాలి. గోడకు తోయడం వచ్చు, ఆపడం వచ్చు. ఇది మాత్రం ఒంటబట్టడం లేదు.

"మళ్లీ పట్టేసుకున్నావు గోడయ్యా. ఇది బీరువా కాదు, చెయ్యి. ఊరికే ఆనించు. ఎటు పోదామనుకుంటోందో విను."

"చెవులతోనే సరిగ్గా వినను మాస్టారూ, ఇక చేత్తో ఏం వింటాను!"

సరదాకు నేర్చుకోవడం లేదతను. ఇంట్లో అక్క ఉంది. తల్లి పోయాక పెళ్లి ఊసెత్తకుండా తనను పెంచిన అక్క. ఇప్పుడామెకు జ్ఞాపకం చెదిరింది. సాయంత్రమైతే చాలు, గొడుగు తీసుకుని, తమ్ముణ్ణి బడినుంచి తీసుకురావాలని బయల్దేరుతుంది. ఆ తమ్ముడు తానేనని ఎంత మొత్తుకున్నా నమ్మదు. గుమ్మానికి అడ్డం నిలబడితే తోస్తుంది. ఒకసారి గట్టిగా పట్టుకుని ఆపాడు. మర్నాడు ఆమె చేతిమీద తన వేళ్ల గుర్తులు నల్లగా తేలాయి. ఆ రోజే వెళ్లి, ఈ విద్య తెలిసిన దర్జీని నేర్పమని బతిమాలుకున్నాడు.

గోదాములో పని మామూలే. బల్లలు దించాడు, మేస్త్రీ చేత చివాట్లు తిన్నాడు. మధ్యలో ఒక బీరువా తలుపుకు మణికట్టు ఆనించి నిలబడితే, "ఏం, దానికి జ్వరమా?" అని తోటివాడు వెక్కిరించాడు.

ఇల్లు చేరేసరికి, పగలంతా అక్కను కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ గుమ్మంలోనే ఉంది. "బయల్దేరుతోంది. ఇక నీదే భారం," అని వెళ్లిపోయింది.

అక్క గొడుగుతో ఎదురొచ్చింది. "తప్పుకోవయ్యా! బడి వదిలేస్తారు. వాడు భయపడతాడు."

అలవాటుకొద్దీ పట్టుకోబోయి ఆగాడు. ఆమె మణికట్టుకు తనది ఆనించాడు. ఆమె తోసింది. ఆ తోపుతోపాటే ఒక అడుగు వెనక్కి వేసి, పక్కకు తిరిగాడు. ఆమె కూడా తిరిగింది.

"పదండమ్మా, నేనూ అటే. మావాడిదీ ఆ బడే."

గదిలో మంచం చుట్టూ నెమ్మదిగా నడిచారు. కిటికీ దగ్గర కుర్చీ వచ్చింది.

"ఇంకా గంట కొట్టలేదు. కాసేపు కూర్చోండి."

ఆమె ఎదురుచెప్పకుండా కూర్చుంది. అతను చెయ్యి తియ్యకుండానే పక్కన చతికిలబడ్డాడు.

"మీవాడు ఎలాంటివాడమ్మా?"

"మొండి వెధవ," అంది మురిపెంగా. "చెయ్యి పట్టుకుంటే లాక్కుంటాడు. అందుకే గొడుక్కి గుడ్డపేలిక కట్టాను. అది పట్టుకుని తనే వస్తాడు."

గోడకు దుఃఖం ముంచుకొచ్చింది.

వెలుతురు తగ్గుతోంది. ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె చెయ్యి నిద్రతో బరువెక్కింది. ఆ బరువు ఇక ఎటూ పోదామనుకోవడం లేదు. అతని మణికట్టు ఆ సంగతి విన్నది.

పక్కింటావిడ మళ్లీ వచ్చి దీపం వేసేదాకా అతను కదల్లేదు. అక్క ఒళ్లోంచి గొడుగు సగం జారింది. పిడినుంచి, పిల్లవాడి చేతికి అందేంత కిందికి, వెలిసిపోయిన గుడ్డపేలిక వేలాడుతోంది.