కోటలో అమావాస్య

"శత్రువులు ఇయ్యాల్నే వస్తరేమోనే బిడ్డా. పొద్దుగాల నుంచి నాకు గుండె దడదడ అంటుంది."

"ఇంక కంప్యూటర్ పెట్టనే లేదమ్మా!" వర్ష నవ్వింది.

ఆ రోజు అమావాస్య. గద్వాలలో మగ్గాలకు సెలవు. ఏళ్ల తరబడి రాట్నం మీద మగ్గానికి దారం కండెలు చుట్టిన రుక్కమ్మ వేళ్లు ఊరికే ఉండలేక కొంగు అంచును చుడుతూ, విప్పుతూ ఉన్నాయి. పట్టుపోగు ఒరుసుకుని చూపుడువేలి మీద సన్నని గాడి పడింది. చీర కొన్నవాళ్లు నేసింది ఎవరని అడుగుతారు. కండె చుట్టింది ఎవరని ఎవరూ అడగరు. ఎవరైనా అడగాలని ఆమెకూ తోచలేదు.

తెర మీద కోట లేచింది. కూతురు ఆడే ఆట అది. కొండ తొలిచి గోడలు కట్టాలి, వర్తకులతో బేరమాడాలి, దండెత్తి వచ్చినవాళ్లను ఆపాలి. అందులోని బొమ్మమనుషుల్లో రాళ్లు మోసేవాడొకడు ఉన్నాడు. అతనికి సోమయ్య అని పేరు పెట్టింది రుక్కమ్మే.

"అమావాస్యనాడు పని చేపిస్తవా? అందరికి సెలవియ్యి."

"ఆటల గూడనా?"

"ఆటల ఉంటె వాండ్లు మనుషులు కారా?"

వర్ష పనులన్నీ ఆపేసింది. అందరూ భోజనశాలలో కుండల చుట్టూ చేరారు. సోమయ్య మాత్రం వీపు మీది రాయిని దారిలో దించలేక, బయటి వాలు ఎక్కుతూనే ఉన్నాడు.

అప్పుడే వర్తకుల బండ్లు వచ్చాయి.

"పాపం, ఎండల వడి వచ్చిండ్రు. తలుపు తియ్యే."

తలుపు పైకి లేచింది. బండ్ల వెనక దుమ్ములో బల్లేలు మెరిశాయి.

"అమ్మా, వచ్చిండ్రు! లోపట గొలుసు గుంజితెనే తలుపు పడ్తది. గుంజెటోడే లేడు, అందరికి సెలవిప్పిస్తివి గద!"

"నా నోరు పడిపోను! సోమయ్యా, నువ్వన్న ఉరుకు నాయినా!"

సోమయ్య వీపు మీది రాయి వాలు మీద దొర్లిపోయింది. పొట్టి కాళ్లు బండ్ల నడుమ నుంచి పరుగెత్తి దుమ్ములో మాయమయ్యాయి. తలుపు ధన్‌మని పడింది.

తల్లీకూతుళ్లు చేతులు పట్టుకుని ఎగిరారు.

"ఏందే రుక్కమ్మా, లాటరీ తగిలిందా?" పక్కింటి ఏసమ్మ గోడ మీంచి కేకేసింది.

"కోట నిలవడ్డదక్కా!"

శత్రువులు తలుపు బాది బాది వెళ్లిపోయారు. బతికిన సంబరంలో వర్తకులు బేరమే ఆడకుండా జొన్నలూ గుడ్డలూ ఇచ్చి, చప్పుడు లేకుండా కొండ వెనక సొరంగం దారిన బండ్లు కట్టుకుని పోయారు. భోజనశాలలో పాటలు మొదలయ్యాయి. రుక్కమ్మ కళ్లు ఒక్కడినే వెతుకుతున్నాయి.

తలుపు కింద చెప్పొకటి ఇరుక్కుని ఉంది.

"సోమయ్యదేనా అది? ఆయన ఏడి?"

వర్ష తెరంతా వెతికింది. గాదె చూసింది, బావి చూసింది, ఒక్కొక్క గదీ తిప్పింది.

"చెప్పవేందే... పోయిండా?"

కొంగులో వేళ్లు ఆగిపోయాయి. వర్ష తెర మీదికి ఇంకా వంగింది. గోడ మూలన చీకటి సందు దగ్గర ఆగింది. తర్వాత ఆమె భుజాలు నవ్వుతో కదిలాయి.

"గొలుసు పక్కన పండుకున్నడమ్మా. లేపినా లేస్తలేడు. ఒంటి చెప్పుతోనే గురక పెడ్తుండు."