వరిలో ఊద

వీరవేణి తన అశ్రద్ధ వల్లే పోయింది. పదకొండేళ్లుగా భార్య గురించి జగన్నాథరావు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది ఇదే. వరికీ ఊదగడ్డికీ తేడా తెలియక కలుపు వదిలేసింది. తీసిన మడిలోనే మళ్లీ దిగాల్సొచ్చింది. మునిమాపు వేళ పాము కరిచింది. మొదటిసారే ఒళ్లు దగ్గర పెట్టుకుని తీసుంటే బతికేది. ఇందులో తేలాల్సిందేమీ లేదు.

ఆ ఫిబ్రవరిలో డార్విన్ పుట్టినరోజని చెప్పి సైన్సు మాస్టారు సుధాకర్ హైస్కూల్లో ఊరందరికీ సహపంక్తి భోజనం పెట్టించాడు. మాట్లాడ్డానికి విశాఖపట్నం నుంచి జీవశాస్త్రం ప్రొఫెసర్ లావణ్య గారు వచ్చారు. జగన్నాథరావు మాత్రం ఆ పూట పొయ్యి వెలిగించే పని తప్పుతుందని వెళ్లాడు.

"కోతి నుంచి పుట్టామని చెబుతారంట బావా," అన్నాడు పక్క విస్తరి దగ్గర కూర్చున్న చిట్టియ్య.

"నిన్ను చూశాక వేరే చెప్పాలా? తిను."

పెరుగు వడ్డిస్తుండగా ప్రొఫెసర్ గారు లేచారు. కోతుల ఊసెత్తలేదు. స్కూలు వెనక దాళ్వా వరి చేలోంచి పీకించిన రెండు దుబ్బులు చెరో చేత్తో పైకెత్తారు.

"ఇందులో వరి ఏదో చెప్పండి చూద్దాం."

"మా బావని అడగండి మేడమ్! ఊద పేరెత్తితే ఆయనకి పూనకం వచ్చేస్తది," అని చిట్టియ్య కేకేశాడు. బంతంతా నవ్వింది.

జగన్నాథరావు ఎంగిలి చేత్తోనే చూపించాడు. "ఆ కుడిచేతిలోది. పాలు తాగే పిల్లాడైనా చెబుతాడు."

"ఇది ఊదండి," అన్నారావిడ మెల్లగా. వరికి ఆకు మొదట్లో సన్నటి పొర ఉంటుందనీ, దీనికి లేదనీ చూపించారు. "మీరు పొరబడ్డంలో వింతేం లేదండి. వేరుగా కనబడ్డ ఊదని ఆడవాళ్లు పీకేశారు. కాస్త వరిలా ఉన్నది తప్పించుకుని గింజ రాల్చింది. వందల ఏళ్లు ఇదే జరిగింది. వాళ్ల కళ్లు ఎంత చురుకైతే ఊద అంత వరిలా తయారైంది. పరిణామం అంటే ఇదే. కలుపు తీసేవాళ్లు అశ్రద్ధ చేసుంటే దీనికి ఈ వేషం అక్కర్లేకపోయేది."

అందరూ చప్పట్లు కొట్టారు. జగన్నాథరావు విస్తట్లో పెరుగు అలాగే ఉంది.

పదకొండేళ్ల కిందట, వీరవేణి పోయిన రోజు అతను మడిలో కాలు కూడా పెట్టలేదు. గట్టు మీద నించునే అరిచాడు. "అవి కళ్లా, గోళీకాయలా? అదిగో, అది ఊద కాదూ? ఒక్క దుబ్బు మిగిలినా ఇంటికి రాకు!" కూలీలంతా విన్నారు. తెల్లారినప్పట్నుంచీ వంగిన నడుం వీరవేణిది. మళ్లీ దిగింది. కూలీలు ఇళ్లకి పోయారు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోటికి రూతు వచ్చింది. ఆనాటి కూలీల్లో ఆమె ఒకతె.

"అమ్మగారు ఆకు మొదట్లో వేలితో తడిమి మరీ తీసేవారండి, బాబుగారూ. మాకు నేర్పిందీ ఆవిడే. ఆ రోజు గట్టు మీంచి మీరు చూపించిన దుబ్బు..." ఆమె ఆగింది. "అది వరేనండి. నేను చెప్పబోతే ఆవిడ వద్దని చెయ్యి నొక్కారు."

జగన్నాథరావు చేతిలో చెంబు కింద పెట్టాడు.

"పదకొండేళ్లూ చెప్పలేదేం?"

"మీరెప్పుడడిగారండి?"

ఆమె వెళ్లిపోయింది. పళ్లు కుట్టుకుంటూ చిట్టియ్య వచ్చాడు.

"ఏంటి బావా, అలా ఉన్నావ్? ఊద అనేసరికి చెల్లెమ్మ గుర్తొచ్చిందా? ఏం చేస్తాం. పాపం, ఆ రోజు కాస్త అశ్రద్ధ చెయ్యకపోతే..."

జగన్నాథరావు నోరు తెరిచాడు. చేసింది ఎవరో చెప్పడానికి రెండు మాటలు చాలు. ఆ రెండూ అనకుండా చెంబు బోర్లించాడు.

"చిట్టియ్యా, ఆ అశ్రద్ధ మాట ఇంక నా దగ్గర ఎత్తకు," అన్నాడు. "నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."