మేస్త్రీ ముంత

గిడ్డమ్మ ఎడమచేతి బొటనవేలు నుజ్జయింది. ఉలి పట్టుకున్నది ఆమె, సుత్తి వేసినవాడు ఆమె మొగుడు ఉరుకుందు. బేతంచెర్ల దగ్గరి నాపరాయి గనిలో అందరూ చూస్తుండగానే బండ మీద నెత్తురు పారింది. మేస్త్రీ ఆ వేలి వంకైనా చూడలేదు.

"పొద్దున గుక్క తక్కువైనట్టుండాది, అందుకే వణుకుతాండావు," అని ఉరుకుందుకు ఇంకో ముంత సారా పోశాడు. గిడ్డమ్మను మళ్ళీ ఉలి పట్టమన్నాడు.

జిల్లాలో మద్యనిషేధం ఉంది, గనిలో మాత్రం సారాకు కొదవ లేదు. ముంత పడితేగాని సుత్తి లేవని మనిషి ఇంకో గనికి పోలేడు. గని కంట్రాక్టరుకు కావలసింది అదే!

సాయంత్రం గుడిసెల వెనక కూలీలందరూ కూడారు. మేస్త్రీని నిలదీయాలని కిందటి కూటంలో అనుకున్న మాటలన్నీ అప్పుడే మేస్త్రీ చెవిన పడ్డాయి. చేరవేసింది ఎవరు? తోటి కూలీ పీరా ఈమధ్య తాగడం మానేశాడు. ఉరుకుందుకు వాడి మీదే అనుమానం. గల్లా పట్టుకున్నాడు.

"చెప్పింది నువ్వే కదప్పా?"

గిడ్డమ్మ అడ్డం వచ్చింది. "వాణ్ణి ఇడువు. ముంత కాడ నోరు మూసుకునేటోడు మీలో ఎవడుండాడు? మేస్త్రీ సారా తాపి పని చేయించుకుంటాండాడు, తాపి కడుపులో మాట లాగుతాండాడు!"

ఉరుకుందు గల్లా వదిలాడు.

"వణుకు తెచ్చేది ముంతే, ఆపేదీ ముంతేనన్నా," అన్నాడు పీరా. "నేనూ ఒక్కసారిగా మానలే. దినానికింత బండల్లో పారబోస్తా వచ్చినా."

"అందాక ఈ చేతుల్తో సుత్తి ఎట్ల ఎత్తేది?" అన్నాడు ఉరుకుందు.

"సుత్తి మేం కొడతాం," అంది గిడ్డమ్మ. "ఉలి మీరు పట్టండి."

మర్నాటి నుంచి ఆడవాళ్ళు సుత్తులు అందుకున్నారు. నలిగిన వేలికి గుడ్డ చుట్టుకుని గిడ్డమ్మ కుడిచేత్తో సుత్తి ఎత్తినప్పుడల్లా ఉరుకుందు గుండె గుభేలుమనేది. ఇన్నేళ్ళూ తన ముందు ఈమె ఇంత భయంతో కూర్చుందా! అతనికి ఏడుపొచ్చింది. ముంత వేళకు రాగి అంబలి కుండ దించి, అందరూ దాని చుట్టూ చేరేవారు. పారబోసే సారా రోజురోజుకూ ఎక్కువైంది. చివరికి ఒక పొద్దున ముంత కోసం ఎవరూ చెయ్యి చాపలేదు, ఇద్దరు ముసలివాళ్ళు తప్ప.

ఆ వెంటనే పోలీసులు దిగారు. గిడ్డమ్మ గుడిసెలో సారా కుండ దొరికిందట! మేస్త్రీ వేలు పెట్టి చూపించాడు: "కాసేది ఈమే సార్, అందరికీ పోసేదీ ఈమే."

కుండ పెట్టిందెవరని ఉరుకుందు ఒక్కొక్కరి మొహం చూశాడు. చూసి, మళ్ళీ తోటివాళ్ళనే అనుమానించిన తన బుద్ధికి తానే రోసి, ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి నోరు తెరిచాడు.

"వాసన చూడండి సామీ."

పీరా వచ్చాడు. అతని వెనక గనంతా వరుస కట్టింది.

"ఈమె పోస్తే తాగినోళ్ళం యాడుండాం? మేస్త్రీ నోరు గూడా ఒకసారి చూడండి!" అన్నాడు పీరా.

మేస్త్రీ మూతికి పైగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఎవరి నోరూ చూడకుండా గిడ్డమ్మను స్టేషనుకు నడిపించాడు. సుత్తులు కింద పడ్డాయి. ఉరుకుందుతోపాటు గనంతా ఆమె వెంట నడిచింది. అందరికంటే వెనక, తూలుకుంటూ ఆ ఇద్దరు ముసలివాళ్ళు అరుస్తున్నారు:

"మా నోర్లు చూడండప్పా! తాగినాం! పోసింది ఎవరో స్టేషన్లో చెప్తాం!"