ఏడో ఆధార్ కార్డు

తేజస్విని స్నానానికి వెళ్ళగానే వేదవతి కూతురి బ్యాగు జిప్పు తీసింది. అందులోని ఆధార్ కార్డును నడుముకు దోపుకునే గుడ్డసంచిలో దాచేసింది. పోయిన మ్యాచులో గోల్ దగ్గర పడి పిల్ల చిటికెనవేలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పి వారం కాలేదు. కార్డు చూపనిదే ఆడనివ్వరని వేదవతి విన్నది. ఒక్క ఆట ఊరికే కూర్చుంటే ఏం పోతుంది? మిగతా పిల్లలు ఆడుకోరా?

వాళ్ళది ఫారో ఫుట్‌బాల్ క్లబ్, నాగోల్. పేరు పెట్టింది కోచ్ చక్రపాణి, బస్సు డిపోలో మెకానిక్. ఎక్కడో సముద్రం నడుమ ఫారో దీవులని ఉన్నాయట. దేశమంతా కలిపినా మన దిల్‌సుఖ్‌నగర్ జనమంత ఉండరట. అయినా ఊరూరికీ జట్టు ఉంటుందట. చేపలు పట్టేవాడూ, వడ్రంగీ, బడిపంతులూ పని దిగి వచ్చి ఆడతారట. ఫోన్లో అది చూసినప్పటి నుంచి ఆయనకు కుదురు లేదు. చీరల దుకాణంలో పనిచేసే సంతోషినీ, ట్యూషన్లు చెప్పే సౌజన్యనూ, మలక్‌పేటలో కళ్ళద్దాల షాపులో పనిచేసే తేజస్వినినీ, ఇంకొందరినీ పోగుచేశాడు. అక్కడి గాలికి పెనాల్టీ కొట్టేటప్పుడు బంతి దొర్లిపోకుండా ఒకరు పండుకుని వేలితో పట్టుకోవాలని ఆయన చెబితే అందరూ నవ్వారు. ఆ వేలి మీద తన్ను పడితే ఎట్లా అని వేదవతికి మాత్రం మూడు రోజులు నిద్ర పట్టలేదు.

ఇంట్లో కూర్చుని బీపీ పెంచుకునే బదులు నువ్వూ రమ్మని ఆ రోజు తేజస్వినే తల్లిని వెంట తీసుకెళ్ళింది. ఎల్బీ నగర్ అవతల గ్రౌండు. ఆదివారం, పైగా ముహూర్తాల రోజు. ఇద్దరు పెళ్ళిళ్ళకు పోయారు, ఒకామెకు దుకాణంలో సెలవు దొరకలేదు, ఇంకొకామెకు జ్వరం. చక్రపాణి లెక్కపెడితే పదకొండు మందికి సరిగ్గా ఏడుగురు.

టేబుల్ దగ్గర కార్డులు అడిగారు. తేజస్విని బ్యాగు నేల మీద బోర్లించింది. గ్లవ్స్, నీళ్ళ బాటిల్, టిఫిన్ డబ్బా పడ్డాయి, కార్డు పడలేదు. ఫోన్లో ఉన్న ఫోటో చెల్లదన్నారు. వేదవతి మెట్ల మీద కూర్చుని, ఇక పిల్ల వేలికి భయం లేదనుకుంది.

అప్పుడు సౌజన్య వచ్చి పక్కన కూలబడి చెప్పింది. ఏడుగురికి ఒక్కరు తగ్గినా మ్యాచు లేదట. పోయిన నెల ఒకసారి ఇట్లాగే అయిందట. రెండోసారి అయితే లీగ్ నుంచి క్లబ్ పేరే కొట్టేస్తారట. పదిహేను నిమిషాలు టైమిచ్చారట.

వేదవతి చెయ్యి నడుము మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. తీసిస్తే పిల్ల ఆ వేలితోనే గోల్‌లో నిలబడుతుంది. ఈసారి తలకే తగిలితే? ఇవ్వకపోతే ఇంతమంది ఆడపిల్లల ఆట మట్టిపాలు. ఇచ్చినా, నా దగ్గర ఎందుకుందో ఏ నోటితో చెప్పాలి?

అటు తేజస్విని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి బతిమాలుకుంటోంది. "నాదే తప్పు. నేనే యాడనో పడేసిన."

"ఊకో బిడ్డా," అన్నాడు చక్రపాణి. "మొన్న నేను బస్సు తాళంచెవి జేబుల పెట్టుకొని డిపో అంత దేవులాడిన."

తేజస్విని ఖాళీ బ్యాగును మళ్ళీ ఒకసారి దులిపింది.

వేదవతి లేచింది. చెమటకు తడిసిన కార్డు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తుకుని గ్రౌండులోకి నడిచింది. పరుగెత్తుదామంటే మోకాళ్ళు సహకరించలేదు. సగం దూరం పోయేసరికి టైమైపోయిందని విజిల్ వినపడింది. రెఫరీ వంగి ఏదో రాసుకున్నాడు.

తేజస్విని కార్డును చూసింది. తల్లి నడుము దగ్గర జారి వేలాడుతున్న గుడ్డసంచిని చూసింది.

"ఏడ దొరికిందక్కా?" అని చక్రపాణి అడిగాడు.

వేదవతి నోరు తెరిచేలోపే కూతురు అంది. "నేనే అమ్మ సంచిల పెట్టి మర్చిపోయిన, సార్."

కార్డు చేతికి తీసుకోకుండానే గోల్ వైపు నడిచింది. తిట్టినా బాగుండేది. వేదవతి టేబుల్ దగ్గరికి పోయి ఆడనివ్వమని రెఫరీని చేతులెత్తి అడిగింది. కుర్రవాడు, మర్యాదగానే చెప్పాడు.

"రాసేసిన అమ్మా. ఇగ నా చేతుల ఏం లేదు."

సంతోషి బూట్ల లేసులు విప్పుతోంది. తేజస్విని గోల్ స్తంభానికి ఆనుకుని అటు తిరిగి నిలబడింది. దగ్గరికి పోవాలనుకుంది వేదవతి. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"అమ్మా, జర గీత అవతలికి జరుగుండ్రి," అన్నాడు రెఫరీ. "ఇంకోళ్ళ మ్యాచుంది."

వేదవతి కిందికి చూసింది. కాళ్ళ దగ్గర తెల్లటి సున్నం గీత ఉంది. ఏ పక్క అవతలో ఆమెకు తెలియలేదు.