ఆరో సంచి

తన తాత పారాచూట్ లేకుండా విమానంలోంచి దూకి, గాల్లోనే ఓ కునుకు తీసి, నేల తగిలాక లేచి, శత్రువుల వంతెన కూల్చి, భోజనం వేళకి ఇంటికొచ్చేశాడని, గొప్పలు కొడతాడని అందరూ డబ్బా అని పిలిచే కుర్రాడు చెబుతుంటే, కొత్తగా దళంలో చేరిన ఏడుగురూ నోరు తెరుచుకుని విన్నారు.

"ఈ దళం పెట్టిందే మా తాత!" అని ముగించాడు.

"దళంలో మొదటి ముప్పై ఆరుమందికీ అసలు విమానమే లేదురా," అన్నాడు వెనకనుంచి, పని నేర్పే ఉస్తాద్. "ఏరు ఈదుకుంటూ పోయి వంతెన కూల్చారు. మీ తాత టైలరు."

"టైలరే ఉస్తాద్. కానీ సూది చాలా పొడుగు."

గది గొల్లుమంది.

పారాచూట్లు మడిచే గది అది. డబ్బా మూడు నెలలుగా ఇక్కడ పని నేర్చుకుంటున్నాడు. ఈరోజు ఉస్తాద్ మెచ్చితే సొంత సీలు చేతికొస్తుంది. ఆ సీలు లేనివాడు మడిచినదాన్ని ఇంకొకరు సరిచూస్తే తప్ప ఎవరూ కట్టుకోరు.

"ఇప్పుడు మన పనేంటి ఉస్తాద్? కాల్చడమేనా?" అడిగాడు ఓ కొత్త కుర్రాడు.

"కాల్చాల్సొచ్చిందంటే సగం పని చెడ్డట్టే. సైన్యం కంటే ముందు వెళ్లాలి, చూడాలి, బందీలుంటే తెచ్చుకోవాలి. మనం వెళ్లొచ్చిన సంగతి అవతలివాళ్లకి మర్నాడు తెలియాలి."

మాట్లాడుతూనే బల్ల మీది బరువు సంచుల్ని లెక్కపెట్టాడు. మడిచేటప్పుడు గుడ్డ జారకుండా పెట్టే చిన్న సంచులవి. ఆరుండాలి. అయిదే ఉన్నాయి.

సంచి ఏ మడతలోనైనా ఉండిపోతే ఆ పారాచూట్ సరిగ్గా విచ్చుకోదు. అందుకే ఒక్కటి తగ్గినా, కిందటి లెక్క తర్వాత మడిచినవన్నీ విప్పాల్సిందే. ఇంకో గంటలో ఈ ఏడుగురూ దూకాలి.

ఉస్తాద్ లెక్కల పుస్తకం తీసి డబ్బా వైపు చూశాడు. "పన్నెండింటికి ఆరు. కింద నీ సంతకం. తర్వాత మడిచినవి ఎనిమిది. విప్పండి."

ఎనిమిదీ విప్పారు. సంచి లేదు.

డబ్బా గోడ వైపు చూశాడు. పన్నెండింటికి ముందు మడిచినవి పద్నాలుగు, గోడవారన వరసగా ఉన్నాయి. నోరు విప్పితే సీలు పోతుంది. విప్పకపోతే ఈ ఏడుగురిలో ఒకడు పోతాడు.

"ఏరా, పన్నెండింటికి లెక్కపెట్టావా?"

"లేదు ఉస్తాద్." మాట సన్నగా వచ్చింది. "అప్పుడో కథ మంచి పట్టులో ఉంది. చూడకుండానే ఆరని రాసేశాను. ఆ పద్నాలుగూ విప్పాలి."

అందరూ తలో చెయ్యీ వేశారు. మూడోదాని మడతల్లో సంచి హాయిగా పడుకుని ఉంది. దాని మీది చీటీలో పేరున్న కుర్రాడు నెమ్మదిగా నేలమీద కూలబడ్డాడు.

ఉస్తాద్ సంచిని బల్ల మీద పెట్టాడు. "దూకడం రేపటికి వాయిదా. ఈరోజు నీకు సీలు లేదు. వచ్చే నెల మళ్లీ అడుగు, ఇస్తాననే అనుకుంటున్నా. అబద్ధాలాడేవాణ్ని భరించొచ్చురా, ఇక్కడ అడిగినప్పుడు మాత్రం ఆడకూడదు. ఇవాళ ఆడలేదు."

డబ్బా మొహం వెలిగింది. విప్పిన గుడ్డని బల్ల మీద పరిచాడు. రెండు మడతలు వేశాక ఆగాడు.

"ఉస్తాద్..."

"ఇంకేంట్రా?"

"నిన్న సాయంత్రం లెక్క కూడా... చూడకుండానే రాశాను."