చామంతి సాళ్ళ మధ్య గడ్డి

"గుప్పెడు గడ్డి పీకేదానికి మధ్యాన్నమంతా కావాల్నా?" అని ఎప్పుడో మొగుడు అనంతకుమార్ అన్న మాట రేణు మోకాళ్ళలోనే ఉండిపోయింది. చామంతి సాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని కలుపు తీసిన ప్రతిసారీ కలుక్కుమనేది. అతను హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతాడు కాబట్టి అది పని. మత్తిగిరి అంచున ఈ అరెకరం పూలతోట, ఆవు, వంట, అత్తకు వేణ్ణీళ్ళు, ఇదంతా ఊరికే ఇంట్లో ఉండడం. మోకాళ్ళు వాచినాయని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే పని ఎగ్గొట్టడానికి సాకంటారు. ఇంకో వానాకాలం ఇట్లాగే కూర్చుంటే మళ్ళీ లేవలేనని మాత్రం ఆమెకు తెలుసు.

ఆ వాపు చూసింది అత్త. నంజమ్మ కూడా ఆ సాళ్ళలోనే కాళ్ళు అరగదీసుకున్న మనిషి. కృష్ణగిరిలో రైతుల మీటింగుకు పోయి కొంగులో ఒక సీసా చుట్టుకొచ్చింది.

"లవంగ నూనె, రేణమ్మా. సోపు నీళ్ళలో కలిపి, ఎండ చుర్రుమనేటప్పుడు గడ్డి మీద కొట్టాల. చామంతికి తగిలితే అదీ మాడిపోతాది, డబ్బా రేకు అడ్డం పెట్టుకో. వేరు చావదు, మళ్ళీ మొలుస్తాది. అయినా అన్నాళ్ళు నీ మోకాళ్ళకు సెలవు."

నీ మోకాళ్ళకు! ఈ ఇంట్లో ఆమెకు మోకాళ్ళున్నాయని గుర్తుపట్టిన మొదటి మనిషి అత్తే. రేణుకు ఏడుపొచ్చినంత పనైంది. మరుసటి రోజు ఎండ చుర్రుమన్నాక నిలబడే గడ్డికి మందు కొట్టింది, మధ్యాహ్నం వసారాలో నడుం వాల్చింది. పెళ్ళయినాక పట్టపగలు పడుకోవడం అదే మొదలు. లేచేసరికి అత్త అంట్లు కూడా తోమేసింది. ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సాయంత్రం ఆవు ఒకటే అరుపు.

"గడ్డి యాడ?" అన్నాడు అప్పుడే వచ్చిన అనంతకుమార్.

అత్తాకోడళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఇద్దరూ మరిచేపోయారు. దినమూ పీకిన కలుపే బుట్టలో ఆవు ముందుకొచ్చేది. ఈరోజు అది పొలంలోనే మాడి, లవంగం వాసన కొడుతోంది. రేణు అలవాటుగా కొడవలి కోసం లేచింది. నంజమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఇన్నాళ్ళూ ఆవు గాలి మేసిందనుకున్నావారా? ఆయమ్మ పీకిన గుప్పెడు గడ్డే అది. పో, కాలవ గట్టున కోసుకురాపో."

పొద్దుగూకినాక అతను సగం బుట్టతో వచ్చాడు, నడుము పట్టుకుని. "ఈ కాస్త గడ్డికి ఇంతసేపు పట్టెనే!" అన్నాడు.

రేణు కొబ్బరినూనెలో రెండు చుక్కల లవంగ నూనె వేసి అత్త మోకాళ్ళకు రాస్తోంది. ఏళ్ళుగా దాచుకున్న జవాబు నాలుక చివరికొచ్చింది. అత్త ముఖం చూసి నవ్వుకుంది, మొగుడి వైపు తిరక్కుండానే అంది.

"కొడవలి ఆ చూర్లో చెక్కి పెట్టుకో. రేపు నువ్వు వెతుక్కునే పనుండదు."